జూకి కారా, బస్సా? ముందు గేటు ఎక్కడుందో చూడండి

జూకి వెళ్దాం అనగానే ఇంట్లో మొదలయ్యే మొదటి గొడవ కార్లో వెళ్దామా బస్సులో వెళ్దామా అని. ఒకళ్లేమో పిల్లలున్నారు, సామానుంది, కారే బెటర్ అంటారు, ఇంకొకళ్లేమో సెలవు రోజు పార్కింగ్ ఎక్కడ దొరికి చస్తుంది, మెట్రో ఎక్కితే పోలా అంటారు, ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది కాబట్టి ఆ వాదన ఎప్పటికీ తెగదు. నన్నడిగితే ఆ ప్రశ్న కొంచెం తొందరపడి అడిగేస్తున్నాం. ఆ జూ ఎప్పటిది, ఊళ్లో ఏ మూల ఉంది, దాని గేట్లు ఏ రోడ్డు మీదకి ఉన్నాయి, ఈ సంగతులు తెలిస్తే సగం జవాబు దానంతటదే తేలిపోతుంది. మిగతా సగం తిరుగు ప్రయాణంలో ఉంటుంది, దాని గురించి పొద్దున బయల్దేరేటప్పుడు ఎవరూ ఆలోచించరు.

ముందు జూ వయసు సంగతి చూద్దాం, ఎందుకంటే అసలు కిటుకంతా అక్కడే ఉంది. 19వ శతాబ్దంలో పెట్టిన జూలు దాదాపు అన్నీ అప్పటి ఊరి అంచున పెట్టినవే, అప్పట్లో జనం నడిచో గుర్రబ్బండి మీదో రైల్లోనో రావాలి కాబట్టి మరీ దూరం పెడితే ఎవరూ రారు. తర్వాత ఊరు పెరిగి పెరిగి జూని చుట్టేసింది, అంచున ఉన్నది కాస్తా నడిబొడ్డుకి వచ్చేసింది. లండన్ జూ 1828 నాటిది, రీజెంట్స్ పార్కులో ఉంటుంది. బెల్జియంలో యాంట్‌వెర్ప్ జూ 1843 లో పెట్టారు, అది సెంట్రల్ రైల్వే స్టేషన్‌ని ఆనుకునే ఉంటుంది, రైలు దిగి స్టేషన్ బయటికొస్తే పక్కనే జూ గేటు. బెర్లిన్ జూ 1844 లో తెరిచారు, 1882 లో దాని ఎదురుగానే రైల్వే స్టేషన్ వచ్చింది, ఆ స్టేషన్ పేరే జూలాజిషర్ గార్టెన్, ఊరు రెండు ముక్కలుగా ఉన్న రోజుల్లో పశ్చిమ బెర్లిన్‌కి దూరప్రాంతాల రైళ్లు ఆగే ముఖ్యమైన స్టేషన్ అదే. టోక్యోలో ఉయెనో జూ కూడా 1882 దే, ఉయెనో స్టేషన్‌లో పార్కు వైపు ఎగ్జిట్‌లోంచి వస్తే ఐదు నిమిషాల నడక. ఇలాంటి జూలకి కారేసుకుని వెళ్లడమంటే కోరి కష్టం తెచ్చుకోవడమే, ఉయెనో జూకైతే సొంత పార్కింగే లేదు.

ఎందుకు లేదంటే లెక్క చాలా సింపుల్. ఒక కారు ఆపడానికి గీతల మధ్య జాగా పన్నెండు పదమూడు చదరపు మీటర్లే అనిపిస్తుంది కానీ కారు లోపలికి రావడానికి, తిప్పుకోవడానికి, బయటికి పోవడానికి దారులు కూడా కలిపితే ఒక్కో కారుకి 25 నుంచి 30 చదరపు మీటర్లు పడుతుంది. అంటే వెయ్యి కార్లకి రెండున్నర మూడు హెక్టార్లు, దగ్గర దగ్గర ఏడెకరాలు. ఆమ్‌స్టర్‌డామ్ నడిబొడ్డున ఉన్న ఆర్టిస్ జూ మొత్తం కలిపితే 14 హెక్టార్లు, అందులో వెయ్యి కార్లకి చోటివ్వాలంటే ఐదో వంతు జూని లేపేయాలి, ఏనుగుల్ని ఎక్కడ పెడతారు మరి. పాత జూలు పార్కింగ్ విషయంలో పిసినారితనం చూపిస్తున్నాయని తిట్టుకుంటాం కానీ వాళ్ల దగ్గర ఉన్న నేలే అంత.

20వ శతాబ్దంలో సీన్ మారింది. 1907 లో హాంబర్గ్ దగ్గర హాగెన్‌బెక్ అనే ఆయన ఇనప ఊచల బోనులు తీసేసి కందకాల అవతల జంతువుల్ని వదిలే పద్ధతిలో జూ కట్టాడు, చూసేవాళ్లకి అడవిలో ఉన్నట్టే ఉంటుంది, కానీ ఆ పద్ధతికి స్థలం బోలెడు కావాలి. ఆ తర్వాత ఏ జూ అయినా పెద్దదవ్వాలంటే ఊరు దాటి వెళ్లాల్సిందే. లండన్ జూ నడిపే సొసైటీయే 1931 లో ఊరికి చాలా దూరంగా విప్‌స్నేడ్‌లో ఇంకో జూ తెరిచింది. మద్రాసు జూ కథ చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది, 1855 లో మ్యూజియం ఆవరణలో మొదలై తర్వాత సెంట్రల్ స్టేషన్ దగ్గర పార్క్ టౌన్‌లో వందేళ్ల పైన ఉండి చివరికి వండలూరుకి తరలిపోయి 1985 లో జనానికి తెరుచుకుంది, అంటే స్టేషన్ పక్కన నడిచి వెళ్లే జూ కాస్తా సిటీ మధ్య నుంచి ముప్ఫై కిలోమీటర్ల అవతల ఆరొందల హెక్టార్ల జూ అయింది. అదృష్టం ఏంటంటే అక్కడికి సబర్బన్ రైలు లైన్ ఉంది. ఇప్పటికీ ఈ తరలిపోవడం ఆగలేదు, ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ జూ 1836 నుంచి ఊళ్లోనే ఉండి 2022 సెప్టెంబర్‌లో ఆ పాత చోటు మూసేసి ఊరి బయట మోటార్‌వే పక్కనున్న తమ ఇంకో స్థలానికే పరిమితమైపోయింది. జంతువులకి మంచిదే, విశాలంగా తిరుగుతాయి. బస్సు మీద వచ్చేవాళ్లకి మాత్రం లెక్క మారిపోయింది.

కాబట్టి మోటు సూత్రం ఒకటి చెప్పుకోవచ్చు. వందేళ్లు దాటి అదే చోట ఉన్న జూ అయితే ముందు రైలో మెట్రోనో ట్రామో చూడండి, గత యాభై అరవై ఏళ్లలో వచ్చిన పెద్ద జూ అయితే కారు వైపు మొగ్గు ఉంటుంది, లేదా జూ వాళ్లు నడిపే షటిల్ బస్సు ఏమైనా ఉందేమో వెతకాలి. సింగపూర్ జూ 1973 లో మండాయ్ అనే చోట రిజర్వాయర్ పక్కన కట్టారు, అంత మెట్రో ఉన్న సిటీలో కూడా జూ గుమ్మం ముందు మెట్రో స్టేషన్ లేదు, ఖతీబ్ స్టేషన్‌లో దిగి షటిల్ బస్సు ఎక్కాలి, లేదంటే మామూలు సిటీ బస్సు పట్టుకోవాలి. జ్యూరిక్‌ది ఇంకో రకం, జూ గుట్ట మీదుంటుంది, అయినా 6 నంబర్ ట్రామ్ ఎక్కి చివరి స్టాపు దాకా కూర్చుంటే చాలు, ఆ స్టాపు పేరే జూ. సూత్రానికి ఇలాంటి మినహాయింపులు చాలానే ఉంటాయి, ట్రామ్ గుట్టెక్కాలి అని ఎవరో ఎప్పుడో డిసైడ్ చేయడం వల్ల వచ్చిన సుఖం అది.

ఇప్పుడు గేటు దగ్గరికొద్దాం. ఫోన్‌లో మ్యాప్ తెరిచి జూ పేరు కొట్టి డైరెక్షన్స్ నొక్కితే అది ఎక్కడికి తీసుకెళ్తుందో ఎప్పుడైనా గమనించారా? జూ అంటే ఒక బిల్డింగ్ కాదు, పెద్ద కాంపౌండ్, మ్యాప్‌లో దానికి పెట్టిన పిన్ ఒక్కోసారి సరిగ్గా మధ్యలో జిరాఫీల మీద పడుతుంది, ఒక్కోసారి ఆఫీసు మీద పడుతుంది, యాప్ పాపం ఆ పిన్‌కి దగ్గరగా ఏ రోడ్డుంటే అక్కడ దింపేసి మీ గమ్యం వచ్చేసింది అంటుంది. చూస్తే ఎదురుగా గోడ, లేదా మేత లారీలు వెళ్లే గేటు, దానికి తాళం. అక్కడి నుంచి గోడ చుట్టూ నడిస్తే అసలు గేటు కిలోమీటరున్నర. అందుకే జూ పేరు కాదు, గేటు పేరు కొట్టాలి. బెర్లిన్ జూకి సింహం గేటు వేరు, ఏనుగు గేటు వేరు, స్టేషన్ వైపున్నది సింహం గేటు. న్యూయార్క్‌లో బ్రాంక్స్ జూ 265 ఎకరాలు, సబ్‌వేలో వెస్ట్ ఫార్మ్స్ స్క్వేర్ స్టేషన్‌లో దిగేవాళ్లకి ఏషియా గేటు దగ్గర, మన్‌హటన్ నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సులో వచ్చేవాళ్లకి బ్రాంక్స్ రివర్ గేటు దగ్గర. ఒకళ్లు కార్లో ఇంకొకళ్లు సబ్‌వేలో వచ్చి జూ గేటు దగ్గర కలుద్దాం అనుకుంటే ఇంక అంతే సంగతులు, ఇద్దరూ గేటు దగ్గరే నిలబడి నువ్వెక్కడున్నావ్ అంటే నువ్వెక్కడున్నావ్ అని ఫోన్లో అరుచుకోవాల్సిందే.

స్టేషన్ పేర్లతో ఇంకో తిరకాసు ఉంది. లండన్ జూ రీజెంట్స్ పార్కులో ఉంది కదా అని రీజెంట్స్ పార్క్ అనే ట్యూబ్ స్టేషన్‌లో, అంటే అక్కడి మెట్రో స్టేషన్‌లో దిగితే బుక్కయిపోతారు, ఆ స్టేషన్ పార్కుకి దక్షిణం కొసన ఉంటుంది, జూ ఉత్తరం కొసన ఉంటుంది, మధ్యలో పార్కు మొత్తం అడ్డంగా నడవాలి. కామ్డెన్ టౌన్‌లో దిగితే దగ్గర, లేదా జూ దగ్గర ఆగే 274 నంబర్ బస్సు ఉంది. వియన్నాలో కూడా అంతే, 1752 నుంచి నడుస్తున్న షోన్‌బ్రున్ జూ, ప్రపంచంలో ఇప్పటికీ నడుస్తున్నవాటిలో అన్నిటికంటే పాతది, దానికి వెళ్లేవాళ్లు షోన్‌బ్రున్ అనే స్టేషన్ చూడగానే టక్కున దిగేస్తారు, అది ప్యాలెస్‌కి దగ్గర, జూకి అయితే అదే లైన్లో పక్క స్టేషన్ హీట్‌సింగ్‌లో దిగాలి. అసలు జూనే వేరే అయిపోయే కేసులు కూడా ఉన్నాయి. బెర్లిన్‌లో జూ కాకుండా తూర్పు వైపు 1955 లో తెరిచిన టీర్‌పార్క్ ఉంది, అది కూడా జూనే, దానికంటూ మెట్రో స్టేషన్ వేరే. పారిస్‌లో ఊరి మధ్య మెనాజరీ అనే పాత జూ ఒకటి, వెన్సెన్ అడవి దగ్గర 1934 నాటి జూ ఒకటి. శాన్ డియాగోలో జూ సిటీలోని బల్బోవా పార్కులో ఉంటే అదే సంస్థ నడిపే సఫారీ పార్క్ దాదాపు యాభై కిలోమీటర్ల అవతల ఉంటుంది. టికెట్ దేనికి కొన్నామో రూట్ దేనికి కొట్టామో ఒకసారి సరిచూసుకోవడం తప్పేం కాదు.

ఎత్తుపల్లాల సంగతి మాత్రం మ్యాప్ చూడగానే తెలియదు, ముందు కనపడేది దూరమే. దీనికి వాషింగ్టన్ జూ మంచి ఉదాహరణ, కొంచెం వివరంగా చెప్తాను. అక్కడ మెట్రో రెడ్ లైన్ మీద జూకి రెండు స్టేషన్లు అటూ ఇటూ ఉన్నాయి, ఒకదాని పేర్లోనే జూ అని ఉంటుంది, వుడ్లీ పార్క్ జూ స్టేషన్, రెండోది క్లీవ్‌లాండ్ పార్క్. రెండింటి నుంచి నడక దూరం ఇంచుమించు ఒకటే. కొత్తవాళ్లు పేరు చూసి మొదటిదాంట్లో దిగుతారు, అక్కడి నుంచి జూ గేటు దాకా రోడ్డు ఎత్తెక్కుతూ ఉంటుంది. తెలిసినవాళ్లు పొద్దున క్లీవ్‌లాండ్ పార్క్‌లో దిగి చదునుగా ఉన్న దారిలో వచ్చేస్తారు, సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు వుడ్లీ పార్క్ వైపు దిగుతూ వెళ్లిపోతారు. ఇదే కాకుండా జూ లోపల కూడా ప్రధాన దారి మెయిన్ రోడ్డు దగ్గర్నుంచి వాగు వైపు దిగుతూ పోతుంది, వెళ్లేటప్పుడు హాయిగా ఉంటుంది, అడుగుకి చేరాక పిల్లాడు ఎత్తుకో అంటాడు, అప్పుడు ఆ ఎత్తంతా వాణ్ణి మోసుకుంటూ ఎక్కాలి. తల ప్రాణం తోకకొస్తుంది. అక్కడ జూ ఎంట్రీ ఫ్రీ, పార్కింగ్‌కి మాత్రం డబ్బులు తీసుకుంటారు, అంటే కార్లో వచ్చినవాడు టికెట్ లేని జూకి టికెట్ కొన్నట్టే లెక్క.

సిడ్నీలో టరోంగా జూ ఇదే ఎత్తుపల్లాన్ని ఇంకా గమ్మత్తుగా వాడుకుంటుంది. జూ హార్బర్‌కి అవతల ఒడ్డున వాలు మీద ఉంటుంది, సిటీ వైపున్న సర్క్యులర్ కీ అనే రేవు నుంచి ఫెర్రీ ఎక్కితే పన్నెండు నిమిషాల్లో కింద రేవులో దింపుతుంది. అక్కడి నుంచి నడుచుకుంటూ పైకి ఎక్కేకంటే రేవు దగ్గర బస్సెక్కి పైనున్న మెయిన్ గేటుకి వెళ్లి అక్కణ్ణుంచి జంతువుల్ని చూసుకుంటూ దిగుతూ రావడం తెలివైన పని, చివరికి చూస్తే ఫెర్రీ ముందే తేలతారు. 1916 లో ఆ జూ పాత చోటు నుంచి అక్కడికి మారినప్పుడు జెస్సీ అనే ఏనుగుని కూడా ఫెర్రీ మీదే హార్బర్ దాటించారు, అంటే ఆ జూకి పబ్లిక్ ట్రాన్స్‌పోర్ట్‌లో వెళ్లడం ఏనుగుల కాలం నుంచీ ఉన్న అలవాటే.

సరే, ఇప్పుడు కారు లెక్క. కారు పక్షాన మాట్లాడేవాళ్లకి ఒక బలమైన పాయింట్ ఉంది, దాన్ని పబ్లిక్ ట్రాన్స్‌పోర్ట్ అభిమానులు చాలామంది దాటేస్తారు. బస్సు టికెట్ మనిషికి ఇంత అని ఉంటుంది, కారు ఖర్చు ట్రిప్పుకి ఇంత అని ఉంటుంది. ఆఫీసుకి ఒక్కడే వెళ్లేటప్పుడు కారు దండగ అనిపించేది అందుకే. జూకి ఒక్కడే వెళ్లేవాళ్లు తక్కువ, ఇద్దరు పెద్దాళ్లు ఇద్దరు పిల్లలు ఒక తాతగారు అనుకుంటే ఆ పెట్రోలూ పార్కింగూ ఐదుగురి మీద పంచుకుపోతాయి, బస్సు మారి ఇంకో బస్సు ఎక్కాల్సి ఉంటే టికెట్లు ఐదుగురికీ రెండేసి. పిల్లలకి సగం టికెట్ లేదా ఫ్రీ, ఫ్యామిలీకి డే పాస్ ఉన్న ఊళ్లలో ఈ తేడా తగ్గుతుంది, ఆ పాస్ ఉందో లేదో ముందే కనుక్కోవడం మంచిది. రోడ్డు మీద జాగా లెక్కలో కూడా జూకి వెళ్లే కారు ఆఫీసు కారంత పాపిష్టిది కాదు, నిండుగా వెళ్తుంది కాబట్టి.

అయితే కారు ఇంటి గుమ్మం నుంచి జూ గుమ్మం దాకా తీసుకెళ్తుంది అన్నది సగం నిజమే. అది తీసుకెళ్లేది పార్కింగ్ దాకా. మామూలు రోజున పార్కింగ్ గేటు పక్కనే దొరుకుతుంది, పీక్ రోజున ఓవర్‌ఫ్లో అని రాసిన మట్టి మైదానంలోకి తోలేస్తారు, అక్కడి నుంచి నడక మెట్రో స్టేషన్ నుంచి నడకంతే ఉంటుంది. ఇది నిర్వాహకుల నిర్లక్ష్యం అని చాలామంది అనుకుంటారు. కాదు, ఎక్కడా పార్కింగ్‌ని సంవత్సరంలో అన్నిటికంటే రద్దీగా ఉండే రోజు కోసం కట్టరు, అలా కడితే ఆ ఒకటి రెండు రోజులు తప్ప మిగతా ఏడాదంతా ఆ నేల ఎండలో ఖాళీగా ఉంటుంది. ఓ మాదిరి రద్దీకి సరిపడా కట్టి మిగతాది సర్దుకుంటారు. మనమేమో సెలవు, మంచి వాతావరణం, పిల్లలకి స్కూల్ లేదు అని చూసుకుని వెళ్తాం, సరిగ్గా అందరూ అలాగే చూసుకుని వస్తారు.

తిరిగి వచ్చేటప్పుడు ఇంకా అన్యాయం. పొద్దున జనం మూడు నాలుగు గంటల పాటు ఎవరి తీరిక కొద్దీ వాళ్లు వస్తారు, సాయంత్రం మూసే టైముకి అందరూ ఒకేసారి బయటపడతారు. ఇక్కడ చిన్న లెక్క వేసుకోండి. ఎగ్జిట్ దగ్గర డబ్బులు కట్టే పద్ధతి ఉందనుకుందాం, ఒక్కో కారుకి కార్డు తీసి గీకి రసీదు పట్టుకుని బ్యారియర్ లేచి కదిలేసరికి 20 సెకన్లు. నిమిషానికి మూడు, గంటకి 180 కార్లు. మూడు బూత్‌లు ఉంటే గంటకి 540. లోపల 900 కార్లుంటే చివరి కారు బయటపడేసరికి గంటా నలభై నిమిషాలు. అదీ బూత్ దాటాక ముందున్న రోడ్డు ఖాళీగా ఉంటేనే, బయట సిగ్నల్ దగ్గర జామ్ అయితే బూత్ ఎంత వేగంగా ఉన్నా లాభం లేదు. అందుకే లోపలికి వచ్చేటప్పుడే డబ్బులు తీసేసుకునే పార్కింగ్, లేదా ముందే ఫోన్‌లో కట్టేసే పార్కింగ్ ఉంటే అది చాలా పెద్ద విషయం, చిన్న ఫీచర్‌లా కనిపిస్తుంది కానీ గంట మిగులుస్తుంది. అది లేనప్పుడు ఉన్న ఒకే ఉపాయం మూసే టైముకి గంటన్నర ముందే కదలడం, లేదా అందరూ వెళ్లిపోయేదాకా బయట గడ్డిలో కూర్చోవడం, బ్యారియర్ ముందు ఇంజన్ ఆన్ చేసుకుని వెనక సీట్లో ఏడుపులు వింటూ కూర్చునే కంటే అదే నయం.

ఇంత చెప్పాక బస్సు మహా గొప్పది అనేస్తానని అనుకోకండి, దానికున్న రోగం దానికుంది. బస్సు ప్రయాణంలో మనకి బాధ కలిగించేది కదులుతున్న టైము కాదు, ఆగి ఎదురుచూసే టైము. ట్రాన్స్‌పోర్ట్ లెక్కలు వేసేవాళ్లు కూడా స్టాపులో నిలబడే ఒక్కో నిమిషాన్ని కూర్చుని ప్రయాణించే నిమిషం కంటే ఎక్కువ బరువుగా, రెండు రెట్ల దాకా లెక్క కడతారు. అరగంటకొక బస్సు ఉంటే టైము చూసుకోకుండా వెళ్లినవాడు సగటున పావుగంట నిలబడతాడు, రెండు బస్సులు మారాల్సి ఉంటే ఇంకో పావుగంట, ఒకటి మిస్సయితే ఇంకో అరగంట. ఐదు నిమిషాలకొక రైలు ఉన్నచోట ఈ గోలే లేదు. అంటే బస్సా కారా అనే ప్రశ్న నిజానికి ఆ బస్సు ఎన్ని నిమిషాలకొకటి, ఎన్నిసార్లు మారాలి అనే ప్రశ్న. ఒక్క మార్పుతో, పది నిమిషాల లోపు దొరికే సర్వీసుతో చేరగలిగితే కారు కోసం కొట్టుకోనక్కర్లేదు. రెండు మూడు సార్లు మారుతూ చివరి ముక్క గంటకొక బస్సు అయితే చిన్నపిల్లలతో ఆ ప్రయాణం పెట్టుకోకపోవడమే మేలు.

యాప్‌లో చూసేటప్పుడు జనం చేసే పొరపాటొకటి ఉంది, గురువారం రాత్రి మంచం మీద పడుకుని రూట్ చూస్తారు, అది ఆ క్షణానికి ఉన్న సర్వీసులు చూపిస్తుంది. వెళ్లేది ఆదివారం పొద్దున. చాలా ఊళ్లలో ఆదివారం టైమ్‌టేబుల్ వేరు, బస్సులు తక్కువ, కొన్ని రూట్లు అసలు ఉండవు, ట్రాక్ పనులేమైనా ఉంటే అవి కూడా వారాంతంలోనే పెట్టుకుంటారు. రోజు మార్చి, చేరాల్సిన టైము పెట్టి చూడాలి. అలాగే తిరుగు ప్రయాణానికి విడిగా ఇంకోసారి చూడాలి, ముఖ్యంగా జూ దగ్గర్నుంచి బయల్దేరే ఆఖరి బస్సు ఎన్నింటికి అని. జూ షటిల్స్ అయితే చాలా వరకు జూ టైమింగ్స్‌ని బట్టే తిరుగుతాయి, మూసేశాక ఎక్కువసేపు ఉండవు.

స్ట్రోలర్ (పిల్లల్ని తోసే బండి) గానీ వీల్‌చెయిర్ గానీ ఉంటే అసలు సంగతి లిఫ్ట్. స్టేషన్‌లో లిఫ్ట్ ఉంది అని రాసి ఉంటే చాలదు, అది ఏ ఎగ్జిట్ దగ్గర తేలుతుందో చూడాలి, జూ వైపు ఎగ్జిట్‌కి మెట్లు మాత్రమే ఉండి లిఫ్ట్ రోడ్డుకి అవతల పక్క తేలే స్టేషన్లు బోలెడు. లిఫ్ట్ పాడైతే చెప్పే పేజీ చాలా మెట్రోలకి ఉంటుంది, పొద్దున బయల్దేరే ముందు ఒకసారి చూస్తే సరిపోతుంది. బస్సులో అయితే మడతపెట్టకుండా ఎక్కించనిస్తారా లేదా అన్నది ఊరికో రూలు. నడవలేని పెద్దవాళ్లు ఉంటే నా ఓటు మొహమాటం లేకుండా కారుకే, గేటు పక్కన వాళ్ల కోసం విడిగా పెట్టిన పార్కింగ్ చాలా జూలలో ఉంటుంది, దానికి పర్మిట్ కావాలంటే అది వెంట ఉండాలి. లోపల తిరగడానికి ట్రామో బ్యాటరీ బండో ఉందేమో కూడా అప్పుడే చూసుకోవాలి, ఎందుకంటే జూలో నడక ఎలా లేదన్నా నాలుగైదు కిలోమీటర్లు తేలుతుంది, బయట మిగుల్చుకున్న ఓపిక అక్కడ పనికొస్తుంది. ఇది అందరికీ వర్తించే విషయమే, స్టాపు నుంచి గేటుకి కిలోమీటరు నడక అంటే పర్వాలేదులే అనిపిస్తుంది, కానీ అది లోపలి నడకకి ముందొకసారి తర్వాతొకసారి కలుస్తుంది, సాయంత్రం కలిసే ఆ రెండో కిలోమీటరు పొద్దుటి కిలోమీటరుతో సమానం కాదు.

క్యాబ్ అనే మధ్యేమార్గం ఉంది కదా అంటారు. వెళ్లడానికి బంగారంలా ఉంటుంది, గేటు ముందు దిగిపోతాం, పార్కింగ్ బాధ లేదు. రావడానికి మాత్రం మూసే టైములో వందలమంది ఒకేసారి యాప్ తెరుస్తారు, రేటు పెరుగుతుంది, కార్లు ఆ జామ్ లోపలికి రావడానికి ఇష్టపడవు, వచ్చినా ఏ గేటు దగ్గర అనే పాత కథ మళ్లీ మొదలు. గేటు నుంచి కొంచెం దూరం నడిచి పెద్ద రోడ్డు మీదకి వచ్చి బుక్ చేస్తే త్వరగా దొరుకుతుంది. నాకు ఇంకా నచ్చేది వెళ్లేటప్పుడు క్యాబ్, వచ్చేటప్పుడు మెట్రో, టైముకి చేరాల్సింది పొద్దున కాబట్టి. ఊరి బయట నుంచి వచ్చేవాళ్లకైతే కారుని శివారు స్టేషన్‌లో ఆపేసి అక్కడి నుంచి రైలెక్కడం బాగా కుదురుతుంది, ఇంటి దగ్గర బస్సు లేని లోటూ తీరుతుంది, జూ దగ్గర పార్కింగ్ లేని లోటూ తీరుతుంది.

కారు డిక్కీ గోడౌన్‌లా పనికొస్తుందన్నది నిజమే, మార్చుకునే బట్టలు, గొడుగులు, నీళ్లు అన్నీ పడేసుకోవచ్చు. కుక్కపిల్లని మాత్రం తీసుకెళ్లి కార్లో వదిలేద్దాం అనుకోకండి, చాలా జూలు కుక్కల్ని లోపలికి రానివ్వవు, అద్దాలు మూసిన కారు లోపల ఎండలో పది నిమిషాలకే వేడి ఇంకో పది డిగ్రీల దాకా పెరుగుతుంది, అద్దం కొంచెం దించినా పెద్ద తేడా ఉండదు.

ఎలా వెళ్లినా పొద్దున్నే, తెరిచే టైముకి చేరేలా వెళ్లడం అన్ని రకాలుగా లాభం. పార్కింగ్ గేటు దగ్గరే దొరుకుతుంది, బస్సులో సీటు దొరుకుతుంది, పైగా ఎండ ముదిరితే చాలా జంతువులు నీడకి పోయి పడుకుంటాయి, మధ్యాహ్నం వెళ్లినవాళ్లు చూసేది పులి వీపు మాత్రమే. స్కూళ్లు నడిచే రోజుల్లో అయితే పొద్దున పది తర్వాత స్కూల్ బస్సులు దిగుతాయి, మధ్యాహ్నం దాటాక అవి వెళ్లిపోతాయి, కుదిరితే ఆ టైముకి అటో ఇటో వెళ్లాలి.

వీటన్నిటికంటే ముందు జూ ఆ రోజు తెరిచి ఉందా అన్నది చూడాలి. వారానికొక రోజు సెలవుండే జూలు చాలా ఉన్నాయి, ఉయెనో జూ సోమవారం మూసేస్తారు, ఆ సోమవారం ప్రభుత్వ సెలవైతే ఆ రోజు తెరిచి మర్నాడు మూస్తారు. మూసే టైము సాయంత్రం ఐదు అని రాసి ఉంటే ఆఖరి ఎంట్రీ మామూలుగా దానికి గంట ముందే అయిపోతుంది, చలికాలంలో ఇంకా త్వరగా మూసేసేవీ ఉన్నాయి. నాలుగున్నరకి చేరినవాళ్లకి లోపల్నుంచి బయటికొచ్చే జనం కనిపిస్తారు గానీ టికెట్ కౌంటర్ మూసేసి ఉంటుంది.